డ్రైవరుకి చేరని చిల్లర

కుతాహ్యాలో పళ్ళెం అంటే తులిప్ పువ్వే.
ఏ కొట్టుకెళ్లినా అదే పువ్వు, అదే వంపు, అదే నీలం.
మా ముజెయ్యెన్ అత్తా ముప్పై ఏళ్లు అదే వేసింది,
చిల్లులు పొడిచిన కాగితం మీద బొగ్గుపొడి అద్ది
చుక్కా చుక్కా కలుపుకుంటూ.
ఒకనాడు ఆ కాగితం మడిచి పొయ్యిలో పెట్టి
కిటికీ తెరిచింది.

"పువ్వులకేం, ఏటేటా వాటంతట అవే పూస్తాయి.
ఈ షుక్రూ బొగ్గుబస్తా మోసుకుంటూ
మూడో అంతస్తులో ఊపిరి కోసం ఆగడం
ఎవరు వేస్తారు?"

ఆ వారం షుక్రూ ఒక గిన్నె అయ్యాడు.
రొట్టె కొనుక్కొస్తూ దారిలోనే దాని ముక్కు కొరికేసిన పిల్లాడు
ఒక కప్పు అయ్యాడు;
కప్పు చెవి పట్టుకుంటే
వాడి చెవి మెలిపెట్టినట్టే ఉండేది.
మెట్ల మీద క్యాబేజీ తరిగే ముగ్గురాడవాళ్లు
ఊరగాయ జాడీకి చుట్టుకున్నారు.
ఒకామె చెబుతోంది, ఒకామె నమ్మట్లేదు,
మూడో ఆమె కోసం జాడీ తిప్పాలి.
తిప్పితే,
నవ్వు ఆపుకోలేక కత్తి కింద పెట్టేసింది.

నా పని రంగు నూరడం.
కోబాల్టు ఎంత నూరినా కాటుకలాగే ఉంటుంది.
"నీలం ఏదత్తా?" అన్నాను మొదటిరోజు.
"నిప్పులో ఉంది. ఇంకా రాలేదు" అంది,
గాడిద జూలుతో కట్టిన కుంచె
పెదాల మధ్య మొన చేసుకుంటూ.

గీసిందంతా గీశాక
మజ్జిగలాంటి పూతలో ముంచి తీస్తుంది.
ఇక మెట్లు లేవు, బస్తా లేదు, పిల్లాడు లేడు.
బల్ల నిండా తెల్లటి పళ్ళాలు.
ఎవరు ఎందులో ఉన్నారో ఆవిడకే గుర్తుండదు.
ఆవం చల్లారేదాకా రెండు రాత్రులు
ఇంట్లో మాటలు తక్కువ, టీలు ఎక్కువ.

వెహ్బీ తాత తగాదాకొచ్చింది చలికాలంలో.
టీ కొట్టులో బూట్లు విప్పి కునుకు తీస్తున్న ఆయన,
చిరిగిన మేజోట్లోంచి బయటికొచ్చి
వీధిని చూస్తున్న బొటనవేలు –
పళ్ళెం మా కిటికీలో, నవ్వు ఊరంతా.
"చెరిపెయ్యి."
"నిప్పు తిన్న గీత, చెరగదు."
"అయితే కొని పగలగొడతా."
ధర చెప్పింది.
తాత చాలాసేపు ఆ పళ్ళేన్నే చూసి
"గోరు మాత్రం అచ్చం నాదే" అని
గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నిలబడి,
ఎవరూ అడక్కుండానే బూటు విప్పాడు.
గోధుమరంగు మేజోడు. ఆకుపచ్చ దారంతో అతుకు.
తనే కుట్టుకున్నాడట,
భార్య పోయాక సూదిలోకి దారం ఎక్కించడం అదే మొదలట.
"ఇప్పుడు వెయ్యి."

వేసింది. కానీ ఆకుపచ్చకి బుద్ధి తక్కువ,
ఆవంలో కాస్త జారి, రెక్కలు చాచింది.
ఇస్తాంబుల్ నుంచి వచ్చినావిడెవరో
కళ్లద్దాలు దించి చూసి
"కాలి మీద తులిప్పా?" అంది.
అత్త డబ్బులు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించింది.

నా దగ్గరున్నది ఒక్కటే, పెద్దది.
మధ్యలో ఏమీ లేదు, అన్నం పెట్టుకునే చోటు వదిలేసింది.
అంచు చుట్టూ కిక్కిరిసిన వ్యాను,
వెనక సీటు నుంచి చిల్లర ముందుకు పోతోంది
చేతిలోంచి చేతిలోకి –
ఉంగరం ఉన్న చెయ్యి, ఉన్ని తొడుగు చెయ్యి,
సబ్బుకి పగిలిన చెయ్యి,
తల్లి ఒళ్లోంచి చాచిన, అందని చిన్న చెయ్యి.
ఎవరి టికెట్టు డబ్బులో ఎవరికీ తెలీదు,
ఎవరూ జేబులో వేసుకోరు.
"డ్రైవరేడీ?" అన్నాను.
"అంచు గుండ్రం కదా, ఎక్కడ కూచోబెట్టను?"

ఆవంలో బీటవారింది గనక అమ్ముడుపోలేదు,
అందుకే నాదైంది.
బీట సరిగ్గా రెండు చేతుల మధ్యనుంచి పోతుంది.
రోజూ కడిగి, తుడిచి, వెలుతురుకి ఎత్తి చూస్తాను.
నాణెం
అప్పటికే దాటేసింది.